సమోవర్ ఏ పాట పాడింది?

ఒకటి అడుగుతాను, దాటెయ్యకుండా జవాబు చెప్పండి. ఒక పాట మీకు నచ్చింది. నచ్చిందని పైకి అనేముందు పక్కన ఎవరున్నారో అని మీరెప్పుడైనా చూసుకున్నారా? లేదంటారా, సంతోషం. మీరు వెనక్కి జారబడి హాయిగా వినండి. చూసుకున్నవాళ్ళు మాత్రం కాస్త దగ్గరికి జరగండి.

మా ఊరు షెకిలో ఆదివారం పొగతో తెల్లవారుతుంది. ఇల్లిల్లూ టీ నీళ్ళు కాచే సమోవర్‌ని వాకిట్లోకి తెచ్చి పెడుతుంది. దాని మధ్య గొట్టంలో ఎండుపుల్లలు వేసి నిప్పు పెడతారు. చుట్టూ ఉన్న నీళ్ళు మెల్లగా వేడెక్కి సన్నటి ఈల మొదలవుతుంది. ఆ ఈల వినపడ్డాకే మగవాళ్ళు మంచం దిగుతారు. రొట్టె, తెల్ల జున్ను, తేనె బల్లమీదికి వస్తాయి. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో ఎర్రటి టీ వస్తుంది. పంచదార ముక్క పంటికింద పెట్టుకుని తాగుతూ పక్కింటివాళ్ళని నాలుగు మాటలనడం మా ఊళ్ళో ఆదివారం పని.

మే నెలలో దేశాలన్నీ కలిసి పాటల పోటీ పెట్టుకుంటాయి కదా, అది అయిన మర్నాడు మాత్రం సమోవర్లు ఈల వెయ్యవు. పాడతాయి. ఆ ఇంట్లోవాళ్ళు ఏ దేశానికి ఓటేస్తే ఆ దేశం పాట పాడతాయి, మళ్ళీ ఏడు పోటీ వచ్చేదాకా అదే పాడుతుంటాయి. ఓటెయ్యని ఇంట్లో నీళ్ళు ఊరికే మరుగుతాయి. రాగి సమోవర్ గొంతు కాస్త బొంగురు, నికెల్ పూత పెట్టినది సన్నగా సాగుతుంది. దీని గురించి మా ఊళ్ళో ఎవరూ వింతగా మాట్లాడుకోరు. పిండి పులిస్తే పొంగుతుంది, ఇంట్లోవాళ్ళు ఓటేస్తే సమోవర్ పాడుతుంది. సంబంధాలకి వచ్చేవాళ్ళు కూడా పిల్లని చూసేముందు టీ అడిగి, చెవి ఒగ్గి, ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళో తేల్చుకుంటారు.

చాలావరకు తేల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఎవరి దేశానికి వాళ్ళు ఓటెయ్యకూడదని నియమం. మావాళ్ళంతా కళ్ళు మూసుకుని తుర్కీకి వేస్తారు. మర్నాడు వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే తుర్కీ పాట. ఎంత మంచి పాటైనా, అన్ని ఇత్తడి గొంతుల్లో వింటే తలనొప్పి వస్తుంది.

రామిజ్ ప్రభుత్వ సంగీత పాఠశాలలో తార్ అనే తీగల వాద్యం వాయించడం నేర్పిస్తాడు. ఊరంతా ఆయన్ని ముఅల్లిం అంటుంది, పంతులుగారని. భార్య జరీఫా. కూతురు మెహపారా కాలేజీలో చదువుతోంది, నోరు కాస్త ఎక్కువ. నాలుగిళ్ళకి కలిపి ఒకటే వాకిలి, పైన ద్రాక్ష పందిరి. పోటీ రోజు సాయంత్రం ఆ పందిరి కింద ఆడవాళ్ళు లేత ద్రాక్షాకుల్లో మాంసం చుట్టి గిన్నెలో పేరుస్తున్నారు. మంగలి ఆగాసలీం పనేం లేకుండా మధ్యలో కూర్చున్నాడు.

"ఆలోచించేదేముంది? మనం తుర్కీకి పన్నెండు మార్కులు, తుర్కీ మనకి పన్నెండు" అన్నాడు ఆగాసలీం.

"అయితే మధ్యలో పాటలెందుకు బాబాయ్?" అంది మెహపారా. "పన్నెండూ పన్నెండూ అని ఫోన్లో చెప్పుకుని పడుకుంటే కరెంటన్నా మిగులుతుంది."

"ఓటంటే ఏమనుకున్నావే పిల్లా? పెళ్ళి చదివింపు. మన పెళ్ళికి వాళ్ళెంత చదివించారో వాళ్ళ పెళ్ళికి మనం అంత చదివించాలి. పెళ్ళికూతురు ముక్కు ఎలా ఉందని చూస్తామా?"

"పెళ్ళికొడుకు చూసుకోడూ?"

అందరూ నవ్వారు. షొవ్‌కత్ ఖాలా నవ్వలేదు. వాకిలంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ రామిజ్ ఇంటిని ఆనుకుని ఉన్న గదిలో ఉంటుంది. ఒక్కగానొక్క కొడుకు ఎల్‌షాద్ సరిహద్దులో కాపలా కాస్తూ అవతలివాళ్ళ తూటాకి పోయాడు. ప్రతి గురువారం సాయంత్రం వాడి పేరుమీద హల్వా చేసి వాకిలంతా పంచుతుంది. అవతలి దేశం పేరు ఆవిడ నోటితో అనదు, ఈ వాకిట్లో ఇంకెవరూ అనరు. అవతలివాళ్ళు అంటే చాలు.

"ఈ పోటీలో అవతలివాళ్ళూ పాడుతున్నారట" అంది షొవ్‌కత్, ఆకు మడుస్తూ, ఎవరి మొహమూ చూడకుండా. "వాళ్ళకి ఓటేసిన చెయ్యి ఎవరిదైనా సరే, ఆ చేతి రొట్టె నేను ముట్టను."

"అలాంటివాళ్ళు ఈ వాకిట్లో ఎవరున్నారు ఖాలా!" అంది జరీఫా గబగబా.

అంత తొందరగా ఎందుకంది అంటే, నిరుడు మందులషాపు నాదిర్ సంగతి అందరికీ గుర్తుంది. పోటీ అయిన వారంలో అతని ఇంటి సమోవర్ అవతలివాళ్ళ పాట పాడుతోందని తెలిసింది. ఆ ఆఫీసు నుంచి ఒకాయన టీ తాగడానికి వచ్చాడు. ఏ ఆఫీసని అడక్కండి, మా ఊళ్ళో ఆ ఆఫీసు అంటే సరిపోతుంది. ఆయన టీ తాగాడు, బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు. తర్వాత షాపు బోర్డు మారింది. కొడుకుని కాలేజీ నుంచి తీసేశారు. రొట్టెల దుకాణంలో నాదిర్ భార్య వంతు వచ్చేసరికి రోజూ రొట్టెలు అయిపోయేవి. ఒకరోజు ఆ ఇంటికి తాళం కనపడింది. ఎక్కడికి వెళ్ళారని ఎవరూ అడగలేదు. అదే నాకు ఎక్కువ భయం వేస్తుంది, ఎవరూ అడగకపోవడం.

పోటీ మా దేశపు టీవీలో వచ్చింది. అవతలివాళ్ళ వంతు రాగానే తెరమీద సబ్బుల ప్రకటనలు వచ్చాయి. ఏటా అంతే. ఆ నాలుగు నిమిషాలూ దేశమంతా సబ్బులు చూస్తుంది. అమ్మానాన్నా అప్పటికే పడుకున్నారు. మెహపారా డిష్‌లో పరాయిదేశపు ఛానల్ పెట్టి, గొంతు తగ్గించి వింది.

వేదికమీద ఒక్క అమ్మాయే నిలబడింది. చుట్టూ ఎగిరేవాళ్ళు లేరు, మంటలు లేవు. కింది స్వరంలో ఎత్తుకుని, మెట్టుమెట్టుగా ఎక్కి, పైకి చేరాక అందరూ అరుస్తారనుకున్నచోట గొంతు తగ్గించి ఒక మలుపు తిప్పింది. నాన్న అలాంటి చోట తార్ చెక్కమీద వేలితో కొట్టి "అదీ!" అంటాడు. మెహపారా చెయ్యి తనకి తెలియకుండానే మంచంకోడుమీద అలా కొట్టింది.

అప్పుడే గోడ అవతల నుంచి కూడా ఆ పాట వినపడింది, ఒక ఊపిరి వెనకబడి, ప్రతిధ్వనిలాగా. షొవ్‌కత్ ఖాలా కూడా డిష్ పెట్టుకుని వింటోంది.

మెహపారా ఫోన్ తీసుకుని ఆ పాటకి ఓటేసింది. సమోవర్ గుర్తు రాలేదా అంటే వచ్చింది. నాదిర్ కూడా గుర్తొచ్చాడు. 'పోటీ పాటలకి పెట్టారు, మంచి పాటకి వేశాను, ఇందులో దొంగతనం ఏముంది' అనుకుని పడుకుంది. పొద్దున్న వాకిట్లో అమ్మ పుల్లలు విరుస్తున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. 

బయటికి పరిగెత్తేసరికి నీళ్ళు వేడెక్కిపోయాయి. సమోవర్ కింది స్వరంలో ఎత్తుకుంది.

"ఇది తుర్కీది కాదే" అంది జరీఫా, గ్లాసు తుడుస్తున్న గుడ్డ చేతిలో అలాగే ఉంది.

రామిజ్ గడ్డానికి సబ్బు నురుగుతో గుమ్మంలోకి వచ్చాడు. అది ఎవరి బాణీయో పట్టడానికి ఆయనకి రెండు స్వరాలు చాలు. చెంబెడు నీళ్ళు తెచ్చి గొట్టంలో కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది, పాట సగంలో ఆగింది. వాకిట్లో మిగతా మూడిళ్ళ నుంచీ తుర్కీ పాట హాయిగా వస్తోంది. ముగ్గురూ సమోవర్‌ని మోసుకుని లోపలికి తెచ్చి తలుపేశారు.

"ఎవరు?" అన్నాడు రామిజ్.

"నేనే."

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. స్టూలుమీద కూర్చున్నాడు. నురుగు ఆరిపోయి గడ్డంమీద తెల్లగా అంటుకుపోయింది.

జరీఫాకి మాత్రం మాట ఆగలేదు. "నీకు పాటలే దొరకలేదటే? ఇన్ని దేశాలున్నాయే! ఐస్‌లాండ్‌కి వెయ్యకపోయావా? మనకి ఐస్‌లాండ్‌తో ఏం గొడవుందే?"

"ఐస్‌లాండ్ పాట బాగాలేదమ్మా."

"బాగాలేదట! మీ నాన్న ఉద్యోగం ఊడితే బాగుంటుందా? నిన్ను కాలేజీ నుంచి గెంటితే బాగుంటుందా? రొట్టె కోసం నిలబడితే నా మొహం చూసి కిటికీ మూస్తే బాగుంటుందా?"

 

"పాట ఎలా ఉంది?" అన్నాడు రామిజ్ ఉన్నట్టుండి.

"మీరూ ఒకరు!" అంది జరీఫా.

"అడుగుతున్నాను, అంతే."

"పైకి వెళ్ళి గొంతు తగ్గించింది నాన్నా."

ఆయన తల ఊపాడు. 

ఆ రోజు తలుపేసుకుని జరీఫా చెయ్యని ప్రయత్నం లేదు. సమోవర్‌ని వెనిగర్ పోసి తోమింది. మూత సందుల్లో గుడ్డ కుక్కి వేడి చేస్తే జలుబు చేసినవాడిలా ముక్కుతో పాడింది. నీళ్ళు తగ్గిస్తే గొంతు పెరిగింది. చివరికి దాన్ని దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోసి, కరెంటు కెటిల్‌తో టీ పెట్టింది. కానీ కెటిల్‌కి పొగ రాదు కదా. సోమవారం ఆగాసలీం వాకిట్లో నుంచి అరిచాడు.

"ముఅల్లిం! మీ ఇంటిమీద పొగ లేదేం? పస్తులా?"

"సమోవర్ కారుతోంది ఆగాసలీం. మాటు వేయించాలి."

"ఇలా ఇవ్వండి, నా బావమరిది వేస్తాడు. ఊరికే!"

"తొందరేం లేదులే."

"టీ లేకుండా తొందర లేదంటున్నాడు, ఈయనకి జ్వరం తగిలింది!" అని నవ్వాడు ఆగాసలీం. ఆ నవ్వు సగంలో ఆగడం లోపల ముగ్గురికీ వినపడింది.

షొవ్‌కత్ ఖాలా ఏమీ అడగలేదు. మెహపారా ఎప్పటిలాగే వేడి రొట్టె గుడ్డలో చుట్టి ఆవిడ గుమ్మంలోకి తీసుకెళ్ళింది. ఆవిడ ఆ పిల్ల చేతివైపు చూసింది. వాకిట్లో తడిసి గడ్డకట్టిన బూడిదవైపు చూసింది. గుడ్డ అంచులు మళ్ళీ సర్ది, రొట్టెని మెహపారా చేతుల్లోకే నెట్టి తలుపు మూసింది. గట్టిగా కూడా మూయలేదు. గడియ పడిన చప్పుడు మాత్రం వచ్చింది.

"ఆవిడకి తెలిసిపోయింది" అంది మెహపారా ఇంట్లోకి వచ్చి.

జరీఫా కెటిల్ స్విచ్ తీసేసింది.

మంగళవారం మధ్యాహ్నం ఆ ఆఫీసు కారు వీధి మొదట్లో ఆగింది.

వచ్చినవాడి పేరు వుగార్. చక్కటి సూటు, చేతిలో హల్వా పెట్టె. లోపలికి వస్తూనే వంగి రామిజ్ చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఒకప్పుడు రామిజ్ దగ్గర తార్ నేర్చుకున్నవాడే. ఆయన చేతికింద చదివిన పిల్లల్లో అంత మంచి చెవి మరొకరికి లేదు. వేళ్ళు మొద్దు, చెవి మాత్రం బంగారం అనేవాడు రామిజ్. ఆ ఆఫీసుకి కావలసింది సరిగ్గా అలాంటి చెవే. పోటీ అయిన వారమంతా వుగార్ పొద్దుటిపూట వీధుల్లో మెల్లగా నడుస్తాడు.

"ఎన్నాళ్ళయింది ముఅల్లిం మిమ్మల్ని చూసి! ఇటు వెళ్తూ, గురువుగారింట్లో ఒక గ్లాసు టీ తాగకుండా ఎలా వెళ్తాననిపించింది."

జరీఫా గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.  వుగార్ గ్లాసు ముట్టుకోలేదు, వాసన చూశాడు.

"కెటిల్ టీ" అన్నాడు, బాధపడుతున్నట్టు. "పరాయివాణ్ణి అయిపోయానా ముఅల్లిం?"

మా ఊళ్ళో అతిథి మాట పైకి అనేశాక ఇంక దారి ఉండదు. గుమ్మంలోకి వచ్చినవాడికి సమోవర్ టీ ఇవ్వని ఇల్లంటే చావు ఇల్లన్నా అయ్యుండాలి, తప్పు చేసిన ఇల్లన్నా అయ్యుండాలి.

"కారుతోందయ్యా" అన్నాడు రామిజ్.

"కారితే నేను గిన్నె పట్టుకుంటాను. రండి, వాకిట్లో పెడదాం. అందర్నీ పిలవండి, నాలుగు కబుర్లు చెప్పుకుంటూ తాగుదాం."

అందర్నీ ఎందుకు పిలవమన్నాడో రామిజ్‌కి తెలుసు. వాకిట్లో ఒక్కరు నోరు విప్పి, ఇది ఫలానా పాట అని చెప్పాలి. నాదిర్ విషయంలో ఎవరో చెప్పారు. ఎవరో ఇప్పటికీ తెలియదు, అందుకే ఆ వీధిలో ఇప్పటికీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

సమోవర్ దుప్పట్లోంచి బయటికి వచ్చింది. ఆగాసలీం వచ్చి నిలబడ్డాడు. చివరింటి ముసలి దంపతులు వచ్చారు. అందరికంటే ఆఖరున షొవ్‌కత్ ఖాలా వచ్చి, తన గుమ్మం ముందున్న బల్లమీద ఒంటరిగా కూర్చుంది. రామిజ్ పుల్లలు వేశాడు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి వుగారే లైటర్ తీసి వెలిగించాడు.

 పొగ పందిరిలోకి ఎక్కింది. నీళ్ళు ముందు చిటపటమన్నాయి.  కింది స్వరం ఎత్తుకుంది. పాత రాగి సమోవర్, కొంచెం బొంగురు. పాట మెట్టుమెట్టుగా ఎక్కింది, ఎక్కి ఎక్కి, ఆ మలుపు దగ్గర గొంతు తగ్గించింది.

వుగార్ చూపుడువేలు బల్లమీద ఒక్కసారి కొట్టింది. వెంటనే పిడికిలి బిగించాడు. రామిజ్ చూశాడు.

పాట మళ్ళీ మొదటికొచ్చింది.

"బాగుంది" అన్నాడు వుగార్ మెత్తగా. "ఏ దేశం పాట ముఅల్లిం ఇది?"

రామిజ్ నోరు తెరిచాడు. ఆయన నిజం చెప్పేసి తలమీద వేసుకోబోతున్నాడని మెహపారాకి తెలిసిపోయింది.

"మీరే చెప్పండన్నా" అంది.

వుగార్ ఆమెవైపు తిరిగాడు. "నాకంటే నీకే బాగా తెలుసనుకుంటాను."

"పోటీలో మన టీవీలో వచ్చిన పాటలన్నీ విన్నాను. ఇది అందులో లేదు. మరి మీరెక్కడ విన్నారు?"

"మెహపారా!" అంది జరీఫా.

"తెలుసుకోవాలని అడుగుతున్నానమ్మా. మన టీవీలో రాని పాట ఇది ఫలానావాళ్ళదని చెప్పాలంటే, చెప్పేవాళ్ళు పరాయి ఛానల్లో విని ఉండాలి కదా. మన వాకిట్లో అలాంటి పని ఎవరు చేస్తారు?"

ఆమె గొంతు నిబ్బరంగానే ఉంది.  వుగార్ నవ్వాడు. ఆ నవ్వు చూసి ముసలాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"బాగా మాట్లాడతావు. వినడం నా ఉద్యోగం అమ్మాయ్, నేను వినొచ్చు. సరే, నా మాట వదిలెయ్. ఆగాసలీం, నువ్వు చెప్పు."

"నేనా?" ఆగాసలీం నుదురు తుడుచుకున్నాడు. "ఏదో పాట రాలేదండీ ఆ రోజు, ఆ టైములో నేను సబ్బు ప్రకటన చూస్తున్నాను. సబ్బు పాటైతే మొత్తం పాడతాను. పాడమంటారా?"

"మీరు, తాతా?"

"నాకు కుడి చెవి వినపడదు" అన్నాడు ముసలాయన. ఎడమ చెవి సంగతి చెప్పలేదు.

వుగార్ లేచి షొవ్‌కత్ ఖాలా దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ముందు మోకాలిమీద కూర్చున్నాడు. ఇక్కడే, ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి, ఎందుకంటే ఆవిడకి ఆ పాట తెలుసు. గోడ అవతల మొదటినుంచి చివరిదాకా వింది. ఆ సంగతి మెహపారాకి తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు. చెప్పడానికి ఆవిడకి ఉన్నంత కారణం ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

"ఖాలా" అన్నాడు. "మీకు నేనేం చెప్పక్కర్లేదు. ఎల్‌షాద్ లాంటి కొడుకుని ఇచ్చారు. వాడి మీద తూటా పేల్చినవాళ్ళ పాట మీ గుమ్మానికి నాలుగడుగుల్లో వినపడుతోంది. మీరొక్క మాట చెప్పండి చాలు. వాడి కోసం చెప్పండి."

ఆవిడ మెహపారా చేతులవైపే చూస్తోంది. సమోవర్ మెట్టుమెట్టుగా ఎక్కుతోంది. జరీఫా కళ్ళు మూసుకుంది. ఆ మలుపు వచ్చింది, వెళ్ళింది.

"వాడి పేరు నీ నోట్లోంచి తియ్యి" అంది షొవ్‌కత్.

"ఖాలా..."

"తియ్యమన్నాను. నా కొడుకు ఎందుకు పోయాడనుకున్నావురా? నువ్వు సూటు వేసుకుని ఇంటింటి గోడలకీ చెవి ఆనించుకుంటూ తిరగడానికా? వాణ్ణి అడ్డం పెట్టి నా చేత పొరుగింటిమీద చాడీ చెప్పిస్తావా? ఎదురుగా నిలబడి తూటా తిన్నవాడు వాడు. వెనక నుంచి ఎవరినీ పొడవలేదు." ఆవిడ మెహపారా చేతులమీంచి చూపు తిప్పేసుకుంది. "నేను వినలేదు. ఆ పాట ఎవరిదో నాకు తెలీదు. జరీఫా, టీ పొయ్యి. చల్లారిపోతోంది."

వుగార్ లేచి, మోకాలి దుమ్ము దులుపుకుని, వచ్చి బల్లదగ్గర కూర్చున్నాడు. టీ తాగాడు. రెండో గ్లాసు కూడా తాగాడు. ఆ సేపంతా సమోవర్ పాడుతూనే ఉంది. వాకిట్లో ఉన్న అందరూ, ఎవరూ వినని ఆ పాటని, తలలు దించుకుని విన్నారు.

"మీ టీ ఎప్పుడూ బాగుంటుంది" అన్నాడు వుగార్ లేస్తూ. నాదిర్ ఇంట్లో కూడా ఆ మాటే అన్నాడు. "వచ్చే ఏడు మళ్ళీ వస్తాను ముఅల్లిం."

గేటు దాటాడు. వీధిలో అతని బూట్ల చప్పుడు దూరమవుతోంది. ఆ చప్పుడుతో పాటు సన్నగా, పెదవుల మధ్య నుంచి, అతనికే తెలియకుండా ఒక రాగం వస్తోంది. కింది స్వరంలో ఎత్తుకుంది. మెట్టుమెట్టుగా ఎక్కింది. మలుపు దగ్గర, సరిగ్గా ఎక్కడ తగ్గించాలో అక్కడ, తగ్గించాడు. బంగారంలాంటి చెవి కదా, ఒకసారి పడితే పోదు.

రామిజ్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. "వుగార్! ఒరేయ్ వుగార్!" అని అరిచాడు. కారు దగ్గర డ్రైవర్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. వుగార్ రాగం తీస్తూనే లోపలికి కూర్చున్నాడు. డ్రైవర్ ఒక్క క్షణం తలుపు వెయ్యకుండా అతన్నే చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, మెల్లగా వేశాడు.

వుగార్‌ని షెకిలో ఎవరూ మళ్ళీ చూడలేదు. వాళ్ళమ్మ ఇంటిమీద పొగ రావడం మానేసింది. రామిజ్ ఒకరోజు హల్వా పెట్టె పట్టుకుని వెళ్ళి ఆ తలుపు తట్టాడు. లోపల నుంచి ఎవరో ఊపిరి బిగబట్టిన చప్పుడు వచ్చింది, తలుపు తెరవలేదు.

రామిజ్ ఉద్యోగం నిలిచింది. మెహపారా కాలేజీకి వెళ్తోంది. షొవ్‌కత్ ఖాలా ఆ పిల్ల చేతి రొట్టె ఇప్పటికీ ముట్టదు. ఒక గురువారం హల్వా పంచుతూ గుమ్మంలో ఆగి, "నీ కోసం చెప్పలేదు, తెలుసుకో" అంది. "తెలుసు ఖాలా" అంది మెహపారా. గిన్నె అందుకుంది.

ఇప్పుడు ఆ ఆఫీసులో కొత్తాయన వచ్చాడు. ఈయన వుగార్ కంటే తెలివైనవాడు. మొన్న టీవీలో ప్రకటన విన్నారా? ఈ ఏడు పోటీలో సబ్బు ప్రకటనలు ఉండవట. అవతలివాళ్ళ పాట మొత్తం వేస్తారట, ఒకసారి కాదు, రెండుసార్లు. అందరూ తప్పకుండా వినాలట. మావాళ్ళు కొందరు సంబరపడ్డారు, ఇన్నాళ్ళకి న్యాయం జరిగిందని. ఎందుకు వినిపిస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. ఇక ఏ వాకిట్లోనూ, ఏ ముసలాయనా, ఏ మంగలీ, ఏ తల్లీ 'ఆ పాట నాకు తెలీదు' అనడానికి లేదు.

అందుకే అడుగుతున్నాను. శనివారం పాటలన్నీ వినండి, మీకు నిజంగా ఏది నచ్చితే దానికే ఓటెయ్యండి. తుర్కీదే నచ్చితే తుర్కీకే వెయ్యండి, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆదివారం పొద్దున్న ఎవరూ సమోవర్‌ని మంచం కిందికి తొయ్యకండి. వాకిట్లోకి తీసుకురండి. పుల్లలు వెయ్యండి, నిప్పు పెట్టండి, తలుపు తెరిచి ఉంచండి. పక్కింటి పొగ రాకపోతే వెళ్ళి ఎందుకని అడగండి. నాదిర్ ఇంటికి తాళం పడితే మనం అడగలేదు, ఈసారి అడగండి. ఆ కొత్తాయన మీ గుమ్మంలోకి వచ్చి, పక్కింటిది ఏ పాటని అడిగితే, గ్లాసు నిండా టీ పోసి చేతిలో పెట్టండి. నోరు మాత్రం విప్పకండి.